ఇంగువ డబ్బా

పాలు మాడిపోయాయని
పొగ చూసి తెలుసుకున్నాను.
ముక్కు ఏమీ చెప్పలేదు.

ఇరవై మూడేళ్లు ఈ ముక్కుతోనే బతికాను.
బరంపురంలో అప్పడాల నూకరత్నం అంటే
పిండిలో ఇంగువ చిటికెడు తగ్గినా
వీధి గుమ్మంలోంచే చెప్పీగలదని పేరు.
జ్వరం తొమ్మిది రోజులుండి వెళ్లిపోయింది,
పోతూ పోతూ దాన్ని ఎత్తుకుపోయింది.
డబ్బా మూత తీసి మొహానికి ఆనించుకుంటే
సున్నం కొట్టిన గోడకి ఆనుకున్నట్టుంది.

రాత్రి రెండింటికి లేస్తాను.
గ్యాస్ కారుతుంటే నాకు తెలీదు కదా.
రెగ్యులేటరు తిప్పి చూసి పడుకుంటాను.
చూడబోయి తెరిచేశానేమో?
మళ్లీ లేస్తాను.
ఏడుసార్లు. ఒక్కో రాత్రి పదకొండు.
"మూసే ఉందే" అంటాడు మా ఆయన
అటు తిరిగి, కళ్లు తెరవకుండా.
అతనికి వాసనలున్నాయి, పడుకోగలడు.

పెళ్లిళ్లు ఆగిపోయాయి. కొనేవాళ్లు లేరు.
అయినా ఒత్తాను.
ఒత్తుతున్నంతసేపూ చేతులు వణకవు.
యాభై యాభై కట్టలు బీరువా మీద,
మంచం కింద, దేవుడి పీట పక్కన.
మెడికల్ వైపు బండి కూసుకుంటూ పోతే
మొదటి కట్ట నుంచి మళ్లీ లెక్క.

ఆశా దీదీ ఇచ్చిన నంబరుకి చేస్తే
భువనేశ్వర్ నుంచి ఒక పిల్ల, మెత్తటి గొంతు:
"భయం ఎంతుంది? ఒకటి నుంచి పది లోపు చెప్పండి."
మా లెక్క యాభైల్లో ఉంటుందమ్మా అన్నాను.
నవ్విందో, రాసుకుందో.
ఊపిరి పీల్చి నాలుగంకెలు ఆపమంది.
పీలిస్తే లోపలికి ఖాళీ వస్తోందని ఎలా చెప్పను?
ఒడియాలో ఆ మాట నాకు రాదు.
తెలుగులో కూడా రాదనుకుంటాను.

పక్కింటి కుంతళా మావుసి
పిట్టగోడ మీద గడ్డం ఆనించి రోజూ అడిగేది,
"ఖాయిలు కి, నూకీ?"
తిన్నా మట్టే, తినకపోయినా మట్టే అన్నాను ఒకరోజు.
ఆవిడ మాస్కు కిందికి లాగి
కాసేపు గాలి పీల్చింది.
తర్వాత తన తెలుగులో మొదలెట్టింది:
"వేపపువ్వు వస్తుంది.
సాహు ఇంట్లో పఖాళొ ఎక్కువ పులిసింది.
చేపలామె ఇప్పుడే పోయింది, మంచి చేప కాదు.
వాన ఉంది, ఛత్రపురం దగ్గర పడుతుంది, ఇక్కడికి రాదు.
గ్యాస్? లేదు. పడుకో.
ఇంకొకటి వస్తుంది. అది నీ తల.
ఎన్ని రోజులయింది నీళ్లు పోసుకుని?"

పన్నెండు.
మా ఆయనకి తెలిసే ఉంటుంది, అనలేదు.
కుంకుడుకాయలు కొట్టుకుని
స్నానాల గదిలో చాలాసేపు ఏడ్చాను.
నురగ కళ్లలో పడిందన్నాను.

ఆ రోజు నుంచి సాయంత్రాలు
గోడ దగ్గర వాసనల పద్దు.
పొరుగూరి వార్తల్లా వినేదాన్ని.
రాత్రి నాలుగుసార్లే లేచిన రోజున
ఆవిడకి ఒక కట్ట ఇచ్చాను, డబ్బుల్లేకుండా.
ఉప్పు ఎక్కువైందని తిట్టింది.

రథాలకి జనం లేని ఆషాఢంలో
మూడ్రోజులు గోడ మీద ఎవరూ లేరు.
నాలుగో రోజు వెనక కిటికీలోంచి గొంతు:
"నూకీ, నాకూ పోయింది."

స్టూలు తెచ్చుకుని గోడ దగ్గర కూర్చున్నాను.
నా ముక్కుకి ఇప్పటికీ ఏదీ అందదు,
ఎప్పుడైనా కాలిన రబ్బరు, అంతే.
అయినా గట్టిగా పీల్చి చెప్పాను:
మల్లెలు విచ్చుతున్నాయి మావుసీ.
మా వంటింట్లోంచి ఇంగువ, ఈవేళ కొంచెం ఎక్కువే పడింది.
చేపలామె వెళుతోంది. మంచి చేప.

లోపల దగ్గు. ఆగింది.
"మిఛొ కొహుచు. ఈరోజు గురుబారొ,
చేప ఎవరు తెస్తారు?"
మళ్లీ దగ్గు, మధ్యలో నవ్వులాంటిదేదో.
"సరే. ఇంకోటి చెప్పు."